అసలు, నకలు, మధ్యలో ఒక చదువు

 

వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు పోటీ పరీక్షలకు ఎలా చదవాలి, ఇంగ్లీషు ఎలా నేర్చుకోవాలి అన్న విషయాలే ముందుగా గుర్తొచ్చాయి. అవి పెద్దలు ప్రతి ఏడూ రాస్తూనే ఉన్నారు. మేము ఎం.ఎస్సీ. ఫిజిక్స్ సెమినార్ కోసం కొలత పరికరాల గురించి వెతుకుతుంటే ఒక కొత్త సంగతి ఎదురైంది. విదేశాల్లో కొందరు టీవీ సీరియల్‌లో కనిపించిన ఒక ఉత్తుత్తి పరికరాన్ని అచ్చు గుద్దినట్టు తయారు చేయడానికి, సేకరించడానికి ఏళ్ళ తరబడి శ్రమ పడుతున్నారు. మాకు మొదట నవ్వొచ్చింది. పండుగకు ఇంటికి వెళ్ళడానికి బస్సు చార్జీలు లెక్కపెట్టుకునే మనకు ఈ గొడవ ఎందుకు అనిపించింది. చదివేకొద్దీ నవ్వు పోయింది. ఎందుకు పోయిందో చెప్పడమే ఈ పాఠం.

1. ప్రాప్ అంటే ఏమిటి?

మన ఊళ్ళలో నాటకాలు వేసేవాళ్ళు కత్తి, గద, కమండలం వంటి సామానును 'ప్రాపర్టీ' అంటారు. ఆ మాటనే కుదించి ఇంగ్లీషులో 'ప్రాప్' అంటున్నారు. అనగా నటుడు చేత్తో పట్టుకుని వాడే వస్తువు. గద ఎలా ఉండాలో ప్రేక్షకులకు ముందే తెలుసు కాబట్టి అట్టతో చేసినా చెల్లుతుంది. సైన్స్ ఫిక్షన్‌లో ఆ సౌకర్యం లేదు. లోకంలో లేని పరికరాన్ని ఊహించి, తయారు చేసి, అది నిజంగా పనిచేస్తోందని నమ్మించాలి. మన 'మాయాబజార్' (1957)లోని ప్రియదర్శిని పెట్టెను గుర్తు తెచ్చుకోండి. మూత తెరిస్తే దూరాన ఉన్న ఆత్మీయులు కనిపిస్తారు. ఈనాటి వీడియో కాల్ పుట్టకముందే మన తాతలు దాన్ని వెండితెర మీద చూసి నమ్మారు. ఆ నమ్మకాన్ని కలిగించేదే మంచి ప్రాప్.

ఈ పాఠానికి రెండు టీవీ ధారావాహికలను ఉదాహరణగా తీసుకుందాం. మొదటిది అమెరికాలో 1966 సెప్టెంబర్ 8న మొదలై 1969 వరకు 79 భాగాలుగా ప్రసారమైన 'స్టార్ ట్రెక్'. 1980లలో మన దూరదర్శన్ కూడా దీన్ని చూపించింది. రెండోది బ్రిటన్‌లో బీబీసీ 1963 నవంబర్ 23న ప్రారంభించిన 'డాక్టర్ హూ'.

స్టార్ ట్రెక్‌లో మూడు పరికరాలు ముఖ్యం. ఒకటి కమ్యూనికేటర్. అరచేతిలో పట్టే నల్లని డబ్బా, జాలీలాంటి లోహపు మూత. మూత విదిలించి తెరిస్తే ఆకాశంలోని ఓడతో మాట్లాడవచ్చు. రెండు ట్రైకార్డర్. భుజానికి తగిలించుకునే పెట్టె. చుట్టూ ఉన్న గాలినీ, రాళ్ళనూ, ప్రాణులనూ పరీక్షించి చెబుతుంది. మూడు ఫేజర్ అనే కిరణ ఆయుధం. ఇందులో చిన్న ఫేజర్‌ను పిస్తోలు ఆకారంలోని పెద్ద భాగం మీద అమర్చవచ్చు.

ఈ పరికరాలు నిజ జీవితం మీద కూడా నీడ వేశాయి. 2017లో అమెరికాలో 'ట్రైకార్డర్ ఎక్స్‌ప్రైజ్' పేరుతో, ఇంట్లోనే జబ్బులను గుర్తించే చేతి పరికరం చేసినవారికి లక్షల డాలర్ల బహుమతులు ఇచ్చారు. అయితే ఒక జాగ్రత్త. కమ్యూనికేటర్‌ను చూసే మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ 1973లో మొట్టమొదటి చేతి ఫోన్ చేశారని చాలా చోట్ల రాస్తారు. తనకు స్ఫూర్తి డిక్ ట్రేసీ అనే బొమ్మల కథలోని చేతి గడియారపు రేడియో అని ఆయనే తర్వాత చెప్పారు. బాగుంది కదా అని ప్రతి కథనూ నమ్మరాదు.

2. ప్రాప్‌లలో తరగతులు

షూటింగ్‌కు ఒకే వస్తువును రెండు మూడు రకాలుగా చేస్తారు. దగ్గరి నుంచి తీసే దృశ్యాలకు వాడేదాన్ని 'హీరో' అంటారు. ఇందులో మూత తెరుచుకుంటుంది, లైట్లు వెలుగుతాయి. నడుముకు తగిలించుకుని దూరంగా నడిచే దృశ్యాలకు కదలని నమూనా చాలు. కిందపడే, కొట్టుకునే దృశ్యాలకు ఎవరికీ దెబ్బ తగలకుండా మెత్తగా, తేలికగా ఉండే రకం వాడతారు.

హీరో కమ్యూనికేటర్ మధ్యలో తిరుగుతూ మెరిసే ఒక గుండ్రని బిళ్ళ ఉంటుంది. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. దాన్ని తిప్పేది కీ ఇచ్చే స్టాప్‌వాచ్ యంత్రం. మెరుపు వచ్చేది గీతల మీద గీతలు కదలడం వల్ల. దీన్ని 'మోయిరే' నమూనా అంటారు. మన హాస్టల్ దోమతెరను రెండు మడతలు వేసి లైటుకు ఎదురుగా పట్టి మెల్లగా కదిపి చూడండి. నీటి అలల్లాంటి చారలు పరుగెత్తుతాయి. అదే ఇది.

ఇంకో ముచ్చట. ప్రసారమైన మొదటి భాగంలో ఉప్పు కోసం తహతహలాడే ఒక ప్రాణి ఉంటుంది. దాని కోసం కొత్త తరహా ఉప్పు సీసాలను కొన్నారు. అవి మరీ వింతగా ఉండటంతో ప్రేక్షకులు ఉప్పు సీసాలని గుర్తుపట్టరేమోనని మామూలువి వాడి, ఆ వింత సీసాలను డాక్టర్ పాత్ర చేతిలో వైద్య పరికరాలుగా పెట్టారు. ఇప్పుడు ఆ నకలు కావలసిన సేకర్తలు ఆ కాలపు ఉప్పు సీసాల కోసం పాత సామాను దుకాణాలు గాలిస్తారు!

3. నకళ్ళలో రకాలు

నకళ్ళు అన్నీ ఒకటి కావు. స్థూలంగా నాలుగు రకాలు.

(అ) ఆట బొమ్మ: పిల్లల కోసం చేసినది. ఆకారం దగ్గరగా ఉంటుంది కానీ కొలతలు, రంగు, బరువు కలవవు.

(ఆ) అనుమతి పొందిన ప్రతి: ధారావాహిక హక్కుదారుల నుంచి లైసెన్సు తీసుకుని కంపెనీ చేసినది. ఉదాహరణకు బ్రిటన్‌లోని ది వాండ్ కంపెనీ 2014లో స్టార్ ట్రెక్ ఫేజర్‌ను తెచ్చింది. మిగిలి ఉన్న అసలు ప్రాప్‌ను త్రీడీ స్కానింగ్ చేసి కొలతలు తీసుకున్నారు. చూపుకు ఫేజర్, పనికి టీవీ రిమోట్. స్టార్ ట్రెక్‌కు 50 ఏళ్ళు నిండిన 2016లో వచ్చిన వారి కమ్యూనికేటర్ బ్లూటూత్‌తో మొబైల్ ఫోన్‌కు కలిసి నిజంగానే మాట్లాడిస్తుంది.

(ఇ) చేతి పని ప్రతి: అభిమాని తానే కొలిచి, కోసి, అతికించి, రంగు వేసి చేసుకున్నది.

(ఈ) దొంగ అచ్చు: ఇంకొకరు కష్టపడి చేసిన ప్రతిని కొని, దాని మీద అచ్చు తీసి, తన పనిగా చెప్పి అమ్ముకునేది. సేకర్తల లోకంలో అన్నిటికంటే చెడ్డపేరు దీనికే.

4. ముట్టుకోకుండా కొలవడం

అసలు వస్తువు చేతికి దొరకదు. దొరికేది తెర మీద బొమ్మ మాత్రమే. మరి కొలతలు ఎలా? ఇక్కడ మన ఏడో తరగతి నిష్పత్తి, అనుపాతం పనికొస్తాయి.

ప్రాప్‌లు చేసేవాళ్ళు తరచుగా బజారులో దొరికే స్విచ్చులు, నాబులు, గొట్టాలు వాడుతుంటారు. ఆ భాగం ఏదో గుర్తుపట్టి, అలాంటిదే ఒకటి సంపాదిస్తే చాలు, కొలబద్ద దొరికినట్టే. ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఫొటోలో నాబు వెడల్పు 30 చుక్కలు, డబ్బా పొడవు 250 చుక్కలు అనుకుందాం. నిజమైన నాబును వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిస్తే 12 మి.మీ. వచ్చింది. అప్పుడు డబ్బా పొడవు = 250 × 12 ÷ 30 = 100 మి.మీ.

ఇక్కడ పొరపాటు పడే చోటు ఒకటుంది. నాబు కెమెరాకు దగ్గరగా, డబ్బా అంచు దూరంగా ఉంటే ఈ లెక్క తప్పుతుంది. దగ్గరిది పెద్దగా, దూరానిది చిన్నగా కనిపిస్తుంది కదా. అందుకే రెండూ ఒకే తలంలో ఉన్న ఫొటో వెతకాలి. ఒక ఫొటోతో సరిపెట్టుకోకుండా ఐదారు ఫొటోలతో లెక్కవేసి సగటు తీయాలి. ప్రాక్టికల్స్‌లో మనం ఐదు రీడింగులు తీసుకునేది ఎందుకో మాకు డిగ్రీ ప్రయోగశాలలో కంటే ఇక్కడే బాగా తెలిసింది.

డాక్టర్ హూ అభిమానులకు ఈ విషయంలో అదృష్టం కలిసొచ్చింది. ఆ ధారావాహికలో 1963 డిసెంబర్‌లో డాలెక్ అనే యంత్ర శత్రువు వచ్చింది. మిరియాల డబ్బాలాంటి ఆకారం, కింది భాగం చుట్టూ 56 అర్ధగోళాలు, చేయి స్థానంలో సింకు పూడిక తీసే రబ్బరు గిన్నె. 1973లో రేడియో టైమ్స్ పత్రిక డాక్టర్ హూ పదేళ్ళ ప్రత్యేక సంచికలో డాలెక్‌ను ఇంట్లో ఎలా తయారు చేసుకోవాలో పటాలతో సహా అచ్చువేసింది. ఒక పత్రిక పుట ఎన్ని ఇళ్ళలో రంపాలను పని చేయించగలదో చూడండి!

5. అచ్చు, పోత, జిరాక్స్ మీద జిరాక్స్

కొలతలు వచ్చాక మొదట ఒక మూల నమూనా చేస్తారు. చెక్క, ప్లాస్టిక్, అల్యూమినియం ఏదైనా కావచ్చు. దాని చుట్టూ ద్రవ సిలికోన్ రబ్బరు పోస్తారు. అది గట్టిపడ్డాక చీల్చి నమూనాను బయటికి తీస్తే అచ్చు తయారు. ఆ అచ్చులో రెండు ద్రవాలు కలిపిన రెజిన్ పోస్తే కొద్దిసేపట్లో గట్టిపడి ప్రతి వస్తుంది. పలుచని డొల్లలకైతే ప్లాస్టిక్ రేకును వేడిచేసి మెత్తబడ్డాక నమూనా మీద పరిచి, కింది నుంచి గాలి పీల్చేస్తారు. దీన్ని వాక్యూమ్ ఫార్మింగ్ అంటారు. ఈ మధ్య త్రీడీ ప్రింటర్లు కూడా వచ్చాయి. కానీ ప్రింటరు నుంచి వచ్చినదాని మీద పొరల గీతలు ఉంటాయి. గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, మళ్ళీ రుద్దాల్సిందే. యంత్రం వచ్చినా చేతికి సెలవు దొరకలేదు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. రెజిన్ గట్టిపడేటప్పుడు కొద్దిగా కుంచించుకుపోతుంది. పోతకు 1 శాతం తగ్గుతుందని లెక్క కోసం అనుకుందాం. 100 మి.మీ. నమూనా నుంచి వచ్చిన ప్రతి 99 మి.మీ. ఆ ప్రతి మీద మళ్ళీ అచ్చు తీస్తే 98.01. దాని మీద మళ్ళీ తీస్తే 97.03. పొడవే కాదు, పదునైన అంచులు మొద్దుబారతాయి, సన్నని గీతలు పూడిపోతాయి. దొంగ అచ్చును పట్టుకునే దారుల్లో ఇది ఒకటి.

మనకు ఇది కొత్త కాదు. సీనియర్ల నోట్సుకు జిరాక్స్, ఆ జిరాక్స్‌కు జిరాక్స్, దానికి మళ్ళీ జిరాక్స్ తీసి చదివినవాళ్ళం. నాలుగో జిరాక్స్‌లో వర్గం గుర్తు మాయమై సూత్రమే మారిపోయింది. అలా మారిన సూత్రాన్నే కంఠతా పట్టి పరీక్షలో రాసి వచ్చినవాళ్ళం కూడా మేమే.

6. మా లిఫ్టు కథ

తొమ్మిదో తరగతిలో మండల స్థాయి సైన్స్ ఫెయిర్ జరిగింది. మన హాస్టల్ నుంచి మేము ముగ్గురం వెళ్ళాలి. చేయడానికి బద్ధకించి, తలా అరవై వేసుకుని, బస్టాండ్ దగ్గరి ఒక దుకాణంలో తయారుగా ఉన్న హైడ్రాలిక్ లిఫ్టు కొన్నాం. రెండు సిరంజిలు, మధ్యలో సెలైన్ గొట్టం, రంగు నీళ్ళు. 'మేమే తయారు చేశాం' అని చార్టు మీద పెద్దక్షరాలతో రాశాం.

న్యాయనిర్ణేతగా వచ్చిన మేడం లిఫ్టును మెచ్చుకున్నారు. తర్వాత ఒకే ప్రశ్న అడిగారు: "గొట్టంలో నీళ్ళకు బదులు గాలి ఉంటే ఏమవుతుంది బాబూ?" ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె ఏమీ అనలేదు. చార్టు మీద రాసిన మాటను ఒకసారి చదివి, పక్క బల్లకు వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే మరిచిపోయేవాళ్ళం.

ఆ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఆ లిఫ్టును నాన్న ముందు పెట్టాం. నాన్న ఐదో తరగతి వరకే చదివారు. లేత్ షాపులో పని. రైతులు అరిగిపోయిన మోటారు బుష్షో, విరిగిన షాఫ్టో పట్టుకొచ్చి ఇలాంటిదే కావాలంటారు. శాంపిల్ చూసి అచ్చం అలాంటిది తిప్పి ఇవ్వడమే ఆయన పని. లిఫ్టును చేతిలో తిప్పి చూసి, "విప్పారా?" అని అడిగారు. లేదన్నాం. "విప్పనిది నీదెలా అవుతుందిరా?" అన్నారు.

విప్పాం. నీళ్ళు పారబోసి గాలితోనే నొక్కి చూశాం. గాలి నలిగి చిన్నదవుతోంది తప్ప అవతలి పిస్టన్ సరిగా లేవడం లేదు. నీళ్ళు నలగవు కాబట్టే ఇటు నొక్కింది అటు చేరుతోంది. పాస్కల్ నియమం పుస్తకంలో ఆరు మార్కుల ప్రశ్న. ఆరోజు మా బొటనవేలికి అర్థమైంది.

అదే వారం నాన్న ఇంకో మాట చెప్పారు. ఒక అరిగిన బుష్షును వెర్నియర్‌తో కొలిచి ఆ అంకె చెబితే నవ్వారు. "అరిగిన చోట కొలిస్తే అరిగిపోయిన బుష్షే వస్తుంది. అరగని చోటు ఎక్కడుందో వెతికి కొలవాలి" అన్నారు. అమెరికాలోని పెద్ద మ్యూజియం నిపుణులు పాటించిన పద్ధతి కూడా ఇదేనని చాలా ఏళ్ళ తర్వాత చదివాం.

7. అరగని చోటు వెతకడం

స్టార్ ట్రెక్‌లోని ఎంటర్‌ప్రైజ్ ఓడను రూపకల్పన చేసినది మ్యాట్ జెఫరీస్. షూటింగ్‌కు వాడిన నమూనా సుమారు 11 అడుగుల పొడవు. 1974లో దాన్ని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి ఇచ్చేశారు. తమాషా ఏమిటంటే ఆ ఓడకు కుడివైపే పూర్తిగా అలంకరించారు. ఎడమవైపు నుంచి లైట్ల వైర్లు బయటికి వచ్చేవి. అందుకే ఆ వైపు కెమెరాకు చూపలేదు. మరి నకలు చేసేవాడు కథలోని ఓడను చేయాలా, స్టూడియోలోని వైర్ల నమూనాను చేయాలా? సేకర్తలలో ఈ రెండు వర్గాలూ ఉన్నాయి. రెండూ సరైనవే. ఏది చేస్తున్నావో ముందే చెప్పాలి, అంతే.

ఆ నమూనాకు తర్వాతి కాలంలో పలుమార్లు రంగులు వేశారు. 1991లో వేసిన గీతలు మరీ ముదురుగా ఉన్నాయని అభిమానులు బాధపడ్డారు. చివరికి మ్యూజియం వారు ఎక్స్‌రేలు తీశారు. రంగు పొరలను పరిశీలించారు. పాత ఫొటోలు ఉంటే పంపమని ప్రజలనే అడిగారు. ఓడ పళ్ళెం పైభాగంలో అసలు రంగు చెక్కుచెదరకుండా ఉంది. అదే అరగని చోటు! దాన్ని అలాగే ఉంచి, దాని ఆధారంగా మిగతా భాగాలకు రంగు సరిచేసి 2016లో మళ్ళీ ప్రదర్శనకు పెట్టారు. ఇళ్ళలో కూర్చుని ఒక్కో ఫొటోను భూతద్దంతో చూసిన అభిమానుల ఓపిక ఒక జాతీయ మ్యూజియానికి అక్కరకు వచ్చింది.

8. పేరు లేని చేతులు

ఈ వ్యాసం రాయాలని మాకు గట్టిగా అనిపించింది ఈ భాగం వల్లనే.

కమ్యూనికేటర్, ట్రైకార్డర్‌లను రూపొందించి చేసింది, ఫేజర్‌ను తెర మీదికి వచ్చే రూపానికి తెచ్చింది వా చాంగ్ అనే శిల్పి. చైనా మూలాలున్న ఆయన 1917లో హొనొలులులో పుట్టారు. డిస్నీ సంస్థలో నమూనాలు చేశారు. 1940లో పోలియో సోకి, ఆ తర్వాత కాళ్ళకు ఆధారాలు కట్టుకుని నడిచారు. పని మానలేదు. 1960లో వచ్చిన 'ది టైమ్ మెషీన్' సినిమాలోని కాలయంత్రం ఆయన చేతి పని. ఆ సినిమాకు స్పెషల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చినప్పుడు ఆయన భాగస్వాముల పేర్లు ప్రకటించారు. ఆయన పేరు లేదు.

స్టార్ ట్రెక్‌లోనూ అంతే. ఆయన స్టూడియో ప్రాప్ తయారీదారుల సంఘంలో సభ్యుడు కాదు. కాబట్టి ఆయన చేత చేయించారని చెప్పడానికి వీల్లేదు. తయారైన వస్తువులను బయట కొన్నట్టుగా కాగితాల మీద చూపించారు. అందువల్ల తెర మీద ఆయన పేరు పడలేదు. లోకమంతా గుర్తుపట్టే వస్తువులు అజ్ఞాతంగా ఉండిపోయాయి. స్టార్ ట్రెక్ నిర్మాణంలో పనిచేసిన హెర్బర్ట్ సోలో, రాబర్ట్ జస్ట్‌మన్ 1996లో రాసిన పుస్తకంలో ఈ సంగతులు వివరంగా బయటపెట్టారు. ఇప్పుడు ఫేజర్ నకలు గురించి మాట్లాడే ఏ సేకర్తయినా వా చాంగ్ పేరు చెప్పకుండా ఉండడు. ఆయన 2003లో కన్నుమూశారు.

డాలెక్‌ది కూడా ఇలాంటి కథే. కథ రాసిన టెర్రీ నేషన్‌కు డాలెక్‌ల హక్కుల్లో వాటా ఉంది. ఆకారం ఇచ్చిన రేమండ్ క్యూసిక్ బీబీసీలో జీతగాడు. 1960ల మధ్యలో బ్రిటన్ పిల్లలు డాలెక్ బొమ్మల కోసం ఎగబడుతుంటే ఆయనకు రాయల్టీ ఒక్క పైసా రాలేదు. చిన్న మొత్తం బహుమానంగా ఇచ్చి సరిపెట్టారు.

ఇది చదివినప్పుడు నాన్న తిప్పిన బుష్షులు గుర్తొచ్చాయి. మా చుట్టుపక్కల ఎన్ని బోర్ల మీద ఆయన చేసిన బుష్షులు తిరుగుతున్నాయో లెక్క లేదు. ఒక్కదాని మీదా పేరు లేదు. బిల్లు మీద షాపు పేరే ఉంటుంది. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. పట్టా మీద నాన్న పేరు కూడా అచ్చయి ఉంటుంది. ఆయన దాన్ని తీసుకుని చాలాసేపు ఆ వరుసనే చూశారు.

9. అసలుదని ఎలా తెలుస్తుంది?

2006 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ స్టార్ ట్రెక్ వస్తువులను వేలం వేసింది. 1987లో మొదలైన మరో స్టార్ ట్రెక్ ధారావాహికలో వాడిన ఎంటర్‌ప్రైజ్ నమూనా ఒకటి 5,76,000 డాలర్లకు పోయింది. ఇంత డబ్బు ఉన్నచోట మోసం కూడా ఉంటుంది. బాగా చేసిన నకలును కొద్దిగా గీరి, మురికి పూసి అసలుదని అమ్మేవాళ్ళు ఉంటారు. కాబట్టి వస్తువుతో పాటు దాని చరిత్ర కూడా కావాలి. స్టూడియో నుంచి ఎవరి చేతికి, వారి నుంచి ఎవరికి అన్న గొలుసు ఎక్కడా తెగకూడదు. మన భూముల లింకు డాక్యుమెంట్ల లాంటిదే ఇది.

ఎంటర్‌ప్రైజ్ మొట్టమొదటి నమూనా సుమారు 3 అడుగులది. స్టార్ ట్రెక్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ 1970లలో దాన్ని అరువు ఇస్తే తిరిగి రాలేదు. దశాబ్దాల తర్వాత 2023లో ఇంటర్నెట్ వేలంలో అకస్మాత్తుగా కనిపించింది. పాత ఫొటోలతో సరిపోల్చి అసలుదేనని నిర్ధారించుకున్నాక, 2024లో హెరిటేజ్ ఆక్షన్స్ సంస్థ దాన్ని రాడెన్‌బెరీ కుమారుడికి అప్పగించింది.

ఈ కారణంగానే నిజాయితీ గల నకలు తయారీదారు తన ప్రతి మీద కనిపించని చోట ఒక గుర్తు, సంవత్సరం వేస్తాడు. 'ఇది నకలు, చేసింది నేను' అని ఒప్పుకోవడం అది. ఎంత అచ్చంగా ఉంటే అంత స్పష్టంగా నకలు అని చెప్పాలి. అమ్మాలంటే హక్కుదారుల అనుమతి తీసుకోవాలి. నకలు చేయడంలో తప్పు లేదు, నకలును అసలు అనడంలో ఉంది.

10. మనకు దీనితో ఏమిటి పని?

తమ్ముళ్ళూ, మనం ఫేజర్లు కొనబోవడం లేదు. కొనమని చెప్పడమూ లేదు. కానీ చదువు మొదలయ్యేదే నకలుతో. పలక మీద మాష్టారు రాసిన 'అ' మీద దిద్దాం. లెక్కలు ఎక్కించుకున్నాం. రికార్డులు చూసి రాశాం. అందులో సిగ్గుపడాల్సింది లేదు. దిద్దిన అక్షరం ఎప్పటికి మన చేతి అక్షరం అవుతుందన్నదే ప్రశ్న. విప్పి చూసినప్పుడు అవుతుంది. అరగని చోటు వెతికి కొలిచినప్పుడు అవుతుంది. ఎవరి దగ్గర నేర్చుకున్నామో వారి పేరు చెప్పినప్పుడు అవుతుంది.

పదో తరగతిలో మేము ముగ్గురం మళ్ళీ సైన్స్ ఫెయిర్‌కు వెళ్ళాం. అదే లిఫ్టు, ఈసారి పాత సిరంజిలతో, సైకిల్ స్పోకులతో, అట్టముక్కలతో మేము చేసినది. మొదటిదానంత అందంగా లేదు. ఒకవైపు నీళ్ళు కారుతోంది. బహుమతి రాలేదు. చార్టు కింద మాత్రం నాలుగు పేర్లు రాశాం. మా మూడు పేర్ల తర్వాత 'పిస్టన్ తిప్పినది' అని నాన్న పేరు. ఇప్పుడు ఆ చార్టు మా ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఉంది.

అభ్యాసం

1. పాడైపోయిన ఒక పెన్ను, టార్చిలైటు లేదా తాళం తీసుకుని విప్పండి. కరెంటు ప్లగ్గు పెట్టి వాడే వస్తువుల జోలికి వెళ్ళకండి. ప్రతి భాగం బొమ్మ గీసి, అది ఏం పని చేస్తుందో ఒక్క వాక్యం రాయండి.

2. మీ స్నేహితుడు హాస్టల్ గేటు పక్కన ఆనుకుని నిల్చున్న ఫొటో తీయండి. అతని ఎత్తు కొలిచి, ఫొటో ద్వారా గేటు ఎత్తు లెక్కకట్టండి. తర్వాత టేపుతో గేటును కొలవండి. తేడా ఎందుకు వచ్చిందో రాయండి.

3. 200 మి.మీ. నమూనా నుంచి పోతకు 1 శాతం చొప్పున తగ్గితే, ప్రతికి ప్రతి తీస్తూ పోగా ఐదో ప్రతి పొడవు ఎంత?

4. ఈరోజు మీరు వాడిన ఒక వస్తువు (కంచం, బల్ల, చొక్కా ఏదైనా) చేసినవారెవరో కనుక్కోవడానికి ప్రయత్నించండి. పేరు దొరికితే నోట్సులో రాసుకోండి. దొరకకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచండి, కొట్టివేయకండి.

మూడో లెక్కకు జవాబు మాకు చూపించాలనుకునేవారు వార్షికోత్సవం రోజు మెస్ హాలు దగ్గర కలవండి. వెర్నియర్ కాలిపర్స్ తెస్తాం.

(ఎం.ఎస్సీ. భౌతిక శాస్త్రం విద్యార్థి, మన వసతి గృహం పూర్వ విద్యార్థి)